ఆర్పుడు బిల్ల

ఇరువై రెండేండ్లు
మూగబోయిన టీవీలకు మాట తెప్పించిన చేతులివి.
ప్రకాశం బజార్ల రేకుల షాపు,
పొట్ట విప్పిన డబ్బాల నడుమ స్టూలు,
ఎప్పుడూ కమురు వాసన.

గోడకతుక్కునే టీవీలొచ్చినంక
నా దిక్కు ఎవరూ రాలే.
పని లేని నెలల్ల
పాత రిమోట్ల గుండెకాయలు ఏరి ఏరి
అగ్గిపెట్టంత డబ్బల ఇమిడ్చిన.
ఒక్కటే మీట. కంటికానని వెలుతురు.
ఏ కంపెనీ టీవీ అయినా సరే
దాని భాషలనే దానికి చెప్తది,
ఇగ పండుకో అని.
సైదులు పేరు పెట్టిండు: ఆర్పుడు బిల్ల.

మొదాలు దేవరకొండ బస్టాండుల చూసిన.
తెర మీద ఒకామె
గంట సేపటి సంది అదే నెక్లెసు
తిప్పి తిప్పి చూపెడుతున్నది.
కింద బెంచీల మీద
డిండి బస్సు కోసం సాగిన మెడలల్ల
పసుపు తాళ్లు తప్ప ఏం లేవు.
తువ్వాల చాటున గురి చూసి నొక్కిన.

ఎవ్వరూ తలెత్తలే.
అది మాత్రం మంచిగ యాదుంది, ఎవ్వరూ తలెత్తలే.
కొద్దిసేపటికి
ఒక్కొక్క చప్పుడే బయటికొచ్చింది
వాన వెలిసినంక కోడిపిల్లల లెక్క:
బత్తాయిలామె తక్కెడ గొలుసు,
తండా ఆడోళ్ల గాజుల నడుమ గోర్ మాటలు,
కంట్రోలర్ రూంల ఎవరో చాయ్ జుర్రుడు.
ఒక ముసలాయన నిద్రలనే
ఎప్పుడో అమ్ముకున్న ఎద్దును అదిలిస్తున్నడు.

ఆ రాత్రి మా ఆమెతోని అన్న
బస్టాండుకు నోరు కడిగిన అని.
"షాపు కిరాయి కట్టినవా?" అన్నదామె.

హాలియాల హోటల్ల
నాలుగు డబ్బాలల్ల నలుగురు కూసోని
ఒకని మీద ఒకడు ఒర్రుతుంటే ఆర్పిన.
సర్వర్ పోరడు రిమోట్ బ్యాటరీలు
పంటితోని కొరికి, తొడకు రుద్ది, మళ్లేసి...
పాపమనిపించి పది రూపాయలెక్కువ పెట్టి లేచిన.
ఎందుకిచ్చిన్నో వానికి తెల్వదు.

ఇగ దవాఖాన ముచ్చట.
సైదులు వాళ్లమ్మను చూడవోయిన, నల్లగొండల.
అద్దాల తలుపు అవతల ఊపిరి లెక్కవెట్టే మిషన్లు,
ఇవతల టీవీల నవ్వులు.
హాల్ల ఒక్కడు నవ్వుతలేడు,
నవ్వులు మాత్రం ఆగుతలేవు.
పుణ్యమే అనుకొని నొక్కిన.

నవ్వు తెగింది.
తెగిన కాడ ఒక గొంతు దొరికింది.

స్తంభం పక్కన, గోడకు మొఖం పెట్టి
మట్టిరంగు అంగీ ఒకాయన ఫోన్ల:
"ఆ, తిన్నడు. ఇడ్లీ తిన్నడు. రెండు.
మాట్లాడుతుండె గని ఇప్పుడే కన్నంటుకుంది.
నువ్వు రాకు. పత్తిల గుంటుక తోలించు.
నేనున్న గదా."

హాలు మొత్తం విన్నది.
ఆయన కొడుక్కు మూడు దినాల సంది
ముక్కుల గొట్టమే తిండని
హాలు మొత్తానికి ఎరుక.
ఆయన సుత విన్నడు తన గొంతును.
మాట సగంలనే ఆపి
ఫోను చెవికుంచుకొనే మా దిక్కు తిరిగిండు.

మీట నొక్కిన. మళ్ల నొక్కిన.
ఆర్పుడే నేర్పిన దానికి,
వెలిగించుడు నేర్పలే.
ఫోన్ల అటు దిక్కు ఆమె "హలో... హలో..." అంటున్నది,
అది సుత వినవడుతున్నది.

నా ఫోను తీసిన. ఎవ్వరికీ కలపలే.
చెవికి పెట్టుకొని ఒర్రిన:
"ఆ, సైదులూ! బత్తాయి టన్నెంత అంటివి?
వినవడ్తలేదు, జెర గట్టిగ చెప్పు!"
పక్కనే కూసున్న సైదులు
నోరు తెరిచి నా మొఖం చూసిండు.
నర్సొచ్చి, "ఇది దవాఖానా, అంగడా?" అన్నది.
ఆపలే.
లారీ కిరాయి, హమాలీ, తరుగు,
నాకు లేని తోట, నేనెన్నడు ఎక్కని కాంటా,
నోటికేదొస్తే అది.

స్తంభం కాడ
ఆయన పెదవులు మళ్ల కదిలినయి.
ఏమన్నడో నాకు వినవడలే.